ఇల్లు కొనేముందు స్టేషన్ దాకా నడవండి

విజయనగరం నుంచి ఏ రోడ్డు పట్టినా వెంచర్ల బోర్డులే. చాలావాటి మీద భోగాపురం విమానాశ్రయం పేరే పెద్దక్షరాల్లో కనబడుతుంది. ఎప్పుడో ఒకసారి విమానం ఎక్కేవారు కూడా ఆ మాటకు మొగ్గి అప్పు చేసి స్థలం కొంటున్నారు. రోజూ ఎక్కాల్సిన బస్సు అక్కడికి ఎంత దూరంలో ఆగుతుందో మాత్రం అడగడం లేదు.

నాలుగు ఇళ్లున్న చిన్న వీధి, రాత్రి తొమ్మిదింటికల్లా సద్దుమణిగే పేట, నడిచి చేరగలిగే స్టేషనో ఆర్టీసీ కాంప్లెక్సో ఉంటే మధ్యతరగతి సంసారానికి అంతకంటే ఏం కావాలి? విజయనగరానికి ఆ వీలుంది. హౌరా-చెన్నై ప్రధాన మార్గం నుంచి రాయ్‌పూర్ లైను చీలే జంక్షన్ ఊళ్లోనే ఉంది. శ్రీకాకుళం వాసులను అడిగితే దాని విలువ చెబుతారు. వారి రైలు ఆగేది ఆమదాలవలసలోని శ్రీకాకుళం రోడ్ స్టేషన్‌లో. అర్ధరాత్రి పిల్లలతో, సామానుతో దిగినవారు అక్కడి నుంచి మరో 10 కిలోమీటర్లకు పైగా ఆటో వెతుక్కోవాలి.

సుమారు 60 కిలోమీటర్ల దూరంలోని విశాఖకు సీజన్ టికెట్‌తో రోజూ ఉద్యోగానికి వెళ్లొచ్చేవారికి ఇది బతుకు లెక్క. ఊరి చివర చవగ్గా వచ్చిన ఇంటికి పెట్రోలు, ఆటో, రెండో బండి రూపంలో నెలనెలా మరో వాయిదా కట్టాల్సిందే. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద మహిళలకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ ప్రయాణం ఉచితమైంది. బస్సు దాకా తీసుకెళ్లే ఆటో ఉచితం కాదు. నడక దూరంలో ఇల్లున్న ఆడపిల్లకే ఆ పథకం పూర్తిగా అందుతుంది.

అలాగని పట్టాల పక్కనే కొనమనడం లేదు. గూడ్స్ బళ్లు రాత్రంతా తిరుగుతూనే ఉంటాయి. రెండు మూడు వీధులు లోపలికి ఉంటే మేలు. పగలు చూసి బయానా ఇచ్చేయకండి. రాత్రి ఒకసారి, గట్టి వాన పడ్డాక ఒకసారి వెళ్లి చూడండి. ఇంట్లో పెద్దవాళ్లను వెంటబెట్టుకుని వాళ్ల నడకతో దూరం లెక్కకట్టండి. ఈసీ (ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే పత్రం), ప్లాన్ అనుమతి ఎలాగూ చూస్తారు. సందులోకి అంబులెన్స్ వస్తుందో లేదో కూడా చూడండి.

ఈ పాత పేటలను కాపాడే బాధ్యత నగరపాలక సంస్థది. వీధి దీపాలు వెలగాలి, కాలువల మీద పలకలుండాలి. వాహనాలు నిలిపే చోటు చూపకుండా ఇరుకు సందుల్లో అపార్టుమెంట్లు లేపుతామంటే అనుమతి ఇవ్వకూడదు. కొత్త లేఅవుట్లకు రోడ్డు, కాలువ, పార్కు స్థలం అడిగినట్టే బస్సు తిరిగే దారి, ఆగే చోటు కూడా ప్లాన్‌లో చూపించమని అధికారులు పట్టుబట్టాలి. ఇప్పటికే జనం చేరిన శివారు కాలనీల నుంచి, ఉదయం విశాఖ రైళ్ల వేళకు స్టేషన్ చేరేలా బస్సులు నడపడానికి జిల్లా యంత్రాంగం ఆర్టీసీతో వెంటనే మాట్లాడాలి.