బుడగల్లో ఏముందో అడగని శిక్షణ

మరుగుతున్న నీటిలో పైకి లేచే బుడగల్లో ఏముంటుంది? హైస్కూలు పిల్లలను అడిగితే కొందరు గాలి అంటారు, కొందరు వేడి అంటారు. నీటి అణువులో ఏమేమి ఉంటాయో నేర్చుకున్న పిల్లలైతే ‘హైడ్రోజన్, ఆక్సిజన్’ అని ధీమాగా చెబుతారు. న్యూజిలాండ్‌లో ఆస్‌బోర్న్, కాస్‌గ్రోవ్ అనే పరిశోధకులు ఈ ప్రశ్ననే పిల్లలను అడిగి 1983లో ఫలితాలు ప్రచురించారు. వాళ్లకు వచ్చిన జవాబులూ ఇలాంటివే. ఇందులో మూడో జవాబు పిల్లల అజ్ఞానంలోంచి పుట్టలేదు. మనం చెప్పిన పాఠంలోంచే పుట్టింది. అందుకే అది నన్ను ఎక్కువగా కలవరపెడుతుంది.

ఇప్పుడు ఆ తరగతిలో ఒక ఛాత్రోపాధ్యాయుడు, అంటే టీచరు శిక్షణ పొందుతున్న విద్యార్థి, నిలబడి ఉన్నాడనుకుందాం. రసాయన శాస్త్రంలో పట్టా ఉంది, మంచి మార్కులే వచ్చాయి. ‘తప్పు, అది నీటి ఆవిరి’ అని చెప్పి ముందుకు వెళతాడు. పిల్లలు నోటుపుస్తకంలో ఆవిరి అని రాసుకుంటారు, మనసులో మాత్రం హైడ్రోజనే ఉండిపోతుంది. అనుభవమున్న టీచరైతే ఆవిరికి అడ్డంగా ఒక చల్లని పళ్లెం పెడుతుంది. అడుగున చుక్కలు కడతాయి. ‘నీరు హైడ్రోజన్, ఆక్సిజన్‌గా విడిపోయి ఉంటే, చల్లని పళ్లేనికి తగిలినంత మాత్రాన ఆ రెండూ మళ్లీ కలిసి నీరయ్యేవా?’ అని అడుగుతుంది. తరగతి ఆలోచనలో పడుతుంది. ఆ ప్రశ్న అప్పటికప్పుడు తట్టేది కాదు. పిల్లలు ఎక్కడ పొరబడతారో ముందే తెలిసినవాళ్లకే అది సిద్ధంగా ఉంటుంది.

ఉపాధ్యాయ శిక్షణలో లోటు సరిగ్గా ఇక్కడే ఉందని నా అభిప్రాయం. పట్టా చదువు రసాయన శాస్త్రం నేర్పుతుంది. శిక్షణ కళాశాల విద్యా మనస్తత్వ శాస్త్రం, పాఠ్య పథకం, మూల్యాంకనం నేర్పుతుంది. ఈ రెంటి నడుమ మూడో జ్ఞానం ఒకటుంది. ఫలానా భావన ఎందుకు కొరుకుడు పడదు, దానికి ఏ ఉదాహరణ పనికొస్తుంది, ఏ పోలిక దారి తప్పిస్తుంది అన్నది ఆ జ్ఞానం. అమెరికా విద్యావేత్త లీ షుల్మన్ 1986లోనే దీన్ని విడిగా గుర్తించి పేరు పెట్టారు. అయినా చాలా శిక్షణ కార్యక్రమాల్లో దానికి దక్కేది ఒకటి రెండు అధ్యాయాలే.

రసాయన శాస్త్రానికి ఇది మరీ అవసరం. కారణాన్ని గ్లాస్గో విశ్వవిద్యాలయానికి చెందిన అలెక్స్ జాన్‌స్టన్ 1991లో ఒక త్రిభుజంతో చూపించారు. ఒక మూలన కంటికి కనిపించేది, రెండో మూలన కనిపించని అణువులు, విద్యుదావేశమున్న కణాలైన అయాన్లు, మూడో మూలన సంకేతాలు, సమీకరణాలు. కాపర్ సల్ఫేట్ ద్రావణంలో ఇనుప మేకు వేసి చూడండి. నీలి రంగు పలచబడుతుంది, మేకు మీద ఎర్రటి పూత చేరుతుంది. టీచరు ఒక్క గుక్కలో రంగు గురించి, అయాన్ల గురించి చెప్పి బోర్డు మీద సమీకరణం కూడా రాసేస్తాడు. ఆయనకు ఆ మూడూ ఒకటే. పిల్లలకు మూడూ కొత్తే. పైగా ‘రాగి’ అన్న ఒకే మాట ఓసారి తీగెను, ఓసారి మూలకాన్ని, ఓసారి ఒంటరి పరమాణువును సూచిస్తుంది. రాగి పరమాణువు కూడా ఎర్రగానే ఉంటుందని పిల్లలు నమ్మితే తప్పు ఎవరిది? ఛాత్రోపాధ్యాయుల పాఠాన్ని రికార్డు చేసి, ఎక్కడెక్కడ ఒక మూల నుంచి మరో మూలకు చెప్పకుండా గెంతారో వాళ్ల చేతే గుర్తింపజేయాలి. ఒక్క గంట చాలు, కళ్లు తెరుచుకుంటాయి.

కొన్ని పొరపాట్లు బోధించేవాళ్లలోనే ఉంటాయి. బంధం తెగితే శక్తి వెలువడుతుందని నమ్మే పట్టభద్రులు తక్కువేమీ కాదు. బంధం తెంచడానికి శక్తి ఖర్చవుతుంది, కొత్త బంధం ఏర్పడినప్పుడు వెలువడుతుంది. మంట మండేది ఆ రెండో లెక్క పెద్దది కావడం వల్లే. శిక్షణ మొదటి వారంలోనే ఇలాంటివి బయటికి తీసి సరిచేయాలి, సిగ్గుపడాల్సిన పని లేకుండా.

ఇక ప్రయోగశాల. ద్రవాన్ని కొలిచి చుక్కలుగా వదిలే గాజు గొట్టం బ్యూరెట్. దాన్ని పట్టుకోవడం తెలియడం వేరు, నలభై మంది చేత పట్టించడం వేరు. క్షారంలో గులాబీ రంగుకు మారే ఫినాఫ్తలీన్ సూచికను వేసిన ఆమ్లంలోకి క్షారం చుక్కచుక్కగా పడుతుంటే లేత గులాబీ రంగు వచ్చి మాయమవుతూ ఉంటుంది. కుప్పెను కలిపాక కూడా ఆ లేత రంగు నిలిచిందంటే అక్కడ ఆపాలి. ముదురు గులాబీ అయిందంటే హద్దు దాటినట్టే. ఆ ఒక్క చుక్క దగ్గర చెయ్యి ఆగడం పుస్తకం నేర్పలేదు. భద్రత కూడా అంతే. 2014 సెప్టెంబరులో అమెరికాలోని డెన్వర్‌లో ఒక పాఠశాలలో మిథనాల్ మంట ప్రదర్శన జరుగుతుండగా పెద్ద సీసాలోంచి నేరుగా ఇంకాస్త పోశారు. మంట ఎగసి విద్యార్థులు గాయపడ్డారు. అక్కడి రసాయన భద్రతా బోర్డు అదే ఏడాది ఇలాంటి ప్రదర్శనల మీద ప్రత్యేకంగా హెచ్చరిక వెలువరించింది. ప్రమాదాన్ని ముందుగా అంచనా వేయడం, పెద్ద సీసాను బల్ల దరిదాపుల్లో ఉంచకపోవడం, ఎవరూ లేనప్పుడు ఒకసారి చేసి చూసుకోవడం శిక్షణలోనే అలవాటు కావాలి. ఉద్యోగంలో చేరాక నేర్చుకుందామంటే ఆ మూల్యం పిల్లలు చెల్లిస్తారు.

విషయం బాగా తెలిస్తే చాలు, బోధన దానంతట అదే వస్తుందనే వాళ్లకు రసాయన శాస్త్ర చరిత్రే సమాధానం. పరమాణు భారాల గందరగోళాన్ని విడదీసిన ఇటలీ రసాయన శాస్త్రవేత్త కానిజారో రచన 1858లో జెనోవాలో తన విద్యార్థులకు చెప్పిన కోర్సు రూపురేఖలే. 1860లో జర్మనీలోని కార్ల్స్‌రూలో జరిగిన రసాయన శాస్త్రవేత్తల సమావేశంలో ఆ ప్రతులు పంచారు. ఆ సమావేశానికి వచ్చిన మెండలీవ్, తన విద్యార్థుల కోసం పాఠ్యపుస్తకం రాస్తూ మూలకాలను ఏ వరుసలో చెప్పాలో తేల్చుకునే పనిలో 1869లో ఆవర్తన పట్టికకు చేరాడు. ఎలా చెప్పాలన్న తపనే వాళ్లను శాస్త్రంలో అంత దూరం తీసుకెళ్లింది.

బోధనాభ్యాసాన్ని పరిశీలించడానికి వచ్చినవాళ్లు సాధారణంగా బోర్డు పని, గొంతు, పాఠ్య పథకంలోని గళ్లు చూస్తారు. నేనైతే ముందు పిల్లల జవాబు కాగితాలు అడుగుతాను. పాఠం అయ్యాక ఐదు నిమిషాల్లో వాళ్లు రాసిన నాలుగు వాక్యాలు చాలు. ఛాత్రోపాధ్యాయుడు ఆ రాత్రి వాటిని చదవాలి, ఏ తప్పు ఎంతమందిలో ఉందో లెక్కపెట్టాలి, వారం తిరగకుండా అదే పాఠాన్ని మరో సెక్షనులో మళ్లీ చెప్పాలి. ఇప్పుడున్న పద్ధతిలో ఒక పాఠం ఒకసారి చెప్పగానే తరువాతి పాఠానికి వెళ్లిపోతారు. రెండోసారి చెప్పే అవకాశమే ఉండదు.