వీడ్కోలు పంటకు గిట్టుబాటు ధర కావాలి

ఇటలీలో చిన్న రైతు ఏం పండిస్తాడని అడిగితే ఆలివ్, ద్రాక్ష, టమాటా, నాలుగు కోళ్ళు పెట్టే గుడ్లు అని చెప్తారు. అసలు పంట మాత్రం ఎవరికీ గుర్తు రాదు. ఉంబ్రియా, టస్కనీ, మార్కె కొండల్లో రెండు మూడు వారాలకొకసారి చేతికొచ్చే ఆ పంట పేరు వీడ్కోలు, అంటే జీతం లేకుండా పొలంలో పనిచేసి వెళ్ళిపోయే వలంటీర్లను సాగనంపడం. దానికి ఆలివ్ ఈగ పట్టదు, వడగళ్ళు తగలవు, తడి కూడా తనే పెట్టుకుంటుంది. ఇంత నమ్మకమైన పంటకు యూరోపియన్ యూనియన్ హెక్టారుకు ఒక్క యూరో కూడా సబ్సిడీ ఇవ్వకపోవడం ఎంతటి అన్యాయమో సప్రమాణంగా మనవి చేయదలచాను.

ముందు విత్తనం సంగతి. లండన్‌లో సెక్రటరీగా పనిచేసే స్యూ కపర్డ్ అనే ఆవిడకు వారాంతాల్లో పల్లెకు వెళ్ళి మట్టి ముట్టుకోవాలని మనసైంది. 1971లో ససెక్స్‌లోని ఒక సేంద్రియ పొలం వాళ్ళను ఒప్పించి, తనలాంటి మరికొందరిని వెంటబెట్టుకుని వెళ్ళింది. అక్కడ మొలకెత్తిందే సేంద్రియ పొలాలనూ వలంటీర్లనూ కలిపే ‘వూఫ్’ (WWOOF). ఏర్పాటు చాలా సులువు. రోజుకు నాలుగైదు గంటలు పొలంలో ఓ చెయ్యి వేస్తే తిండీ పడకా ఇస్తారు, డబ్బు ఊసుండదు. ఇటలీలో అయితే వచ్చేవాళ్ళూ ఉంచుకునేవాళ్ళూ ఒకే సంఘంలో సభ్యులు. వచ్చేవాళ్ళ సభ్యత్వ రుసుములో బీమా కూడా కలిసే ఉంటుంది. అందుచేత అక్కడ జరిగేది కూలీ కాదు, కొలువూ కాదు. ఇద్దరు సభ్యులు కలిసి చెట్టు కింద వల పరుస్తున్నారు, అంతే. ఇద్దరిలో ఒకరికి చెట్టు సొంతం, అదొక్కటే తేడా.

ఆంధ్రలో 2019 నుంచి కొన్నేళ్ళు వలంటీరుకు నెలకు 5000 రూపాయల గౌరవ వేతనమైనా ముట్టేది. ఇటలీ కొండల్లో గౌరవాన్నీ వేతనాన్నీ విడదీసి మొదటిది మాత్రమే వడ్డిస్తారు.

మధ్య ఇటలీలోని ఈ రాతి ఇళ్ళలో ఒకప్పుడు సగపాలు రైతులుండేవాళ్ళు. పండినదాంట్లో సగం భూస్వామి గాదెలోకి పోయేది. కొత్తగా అలాంటి ఒప్పందాలు రాసుకోకూడదని 1964లో చట్టం చేశారు. ఇప్పుడు అదే ఇంటి వెనక పాత క్యారవాన్‌లో పడుకునే బెర్లిన్ కుర్రాడు సగం కాదు గదా పరక వాటా కూడా అడగడు. పైపెచ్చు వెళ్ళేటప్పుడు ఏడుస్తాడు. సగం పంట గుంజుకున్న ఏ భూస్వామికి దక్కిందండీ ఈ భాగ్యం?

కోత చివరి రాత్రి భోజనాల దగ్గర మొదలవుతుంది. ఉన్నన్నాళ్ళూ ‘అక్కడ కాదు, ఇక్కడ’ తప్ప మరో మాట ఎరగని ఆసామి ఆ రాత్రి లేచి నిలబడి గ్లాసు పైకెత్తుతాడు. ఈ పిల్ల మాకు కూతురితో సమానం అంటాడు. పోయిన నెల వెళ్ళిన పిల్లా కూతురే, అంతకు ముందు వెళ్ళిన కుర్రాడు కొడుకే. ఒక్కో ఆసామికి ఏడాదికి ఇంతమంది సంతానం కలుగుతుంటే, జననాలు పడిపోతున్నాయని ఇటలీ గణాంకాల శాఖ ఏటా ఎందుకు దిగులు పడుతుందో బోధపడదు.

ఆ తర్వాత, వెళ్ళేవాళ్ళు తలా నాలుగు ముక్కలు రాసిపోయే పుస్తకం బయటికొస్తుంది. అట్ట నిండా నూనె మరకలు, తీగ సగం ఊడి వేలాడుతూ ఉంటుంది. ‘నెమ్మదిగా బతకడం ఇక్కడే నేర్చుకున్నాను’ అన్న ముక్క పేజీకొక భాషలో కనబడుతుంది. నెమ్మదిగా బతకడం నేర్చుకున్న ఆ మనిషి పొద్దున్నే ఆరున్నరకు లేచి పెట్టెలు మోశాడని అదే పుస్తకం చివరి అట్ట మీద గీసిన పనుల పట్టిక సాక్ష్యం చెప్తుంది. ఒక్క పేజీలో మాత్రం ఎవరో ఇలా రాశారు: ‘కోళ్ళగూటి గొళ్ళెం సరిగ్గా పడదు. కింద రాయి పెట్టండి.’ పుస్తకం మొత్తానికి తర్వాత వచ్చేవాళ్ళకు అక్కరకొచ్చే వాక్యం అదే.

తెల్లారాక కానుక. క్వింటాలు ఆలివ్ కాయలు ఆడిస్తే 12 నుంచి 18 కిలోల దాకా నూనె దిగుతుంది. వలలు పరిచి, కొమ్మల్ని చేతి దువ్వెనలతో దువ్వి, ఆకులు ఏరి, కాయ వేడెక్కక ముందే మిల్లుకు తోలి ఆడించిన పచ్చటి కొత్త నూనె, గొంతులో ఘాటుగా తగిలే నూనె. దాన్ని అర లీటరు సీసాలో పోసి, బిరడా బిగించి, కౌగిలించుకుని మరీ చేతిలో పెడతారు. పుచ్చుకున్న పిల్ల దగ్గర ఉన్నది ఒక్క వీపు సంచి, ఒక చవక విమానం టికెట్టు. చేతి సామానులో ద్రవాలు 100 మిల్లీలీటర్లకు మించకూడదన్న నిబంధన చాలా విమానాశ్రయాల్లో ఇంకా నడుస్తోంది. అలా ఆ నూనె తనిఖీ బల్ల పక్కనున్న చెత్తడబ్బాలో షాంపూల సరసన చేరుతుంది. ఆ డబ్బాకున్నంత యోగం ఊళ్ళో హోటలుకు కూడా లేదు.

కుక్క గురించి ఒక మాట. వెళ్ళేవాళ్ళు ఆసామిని కౌగిలించుకుని నవ్వుతారు, కుక్కను కౌగిలించుకుని ఏడుస్తారు. కుక్క ఆవలిస్తుంది. దాని సర్వీసు అలాంటిది.

ఈ పంటకున్న ఏకైక తెగులు రైలు సమ్మె. ఇటలీలో రవాణా సమ్మెలకు శుక్రవారమంటే మహా ప్రీతి. ఉంబ్రియాలో ఒక చిన్న స్టేషన్లో ఆ తెగులు సోకిన వీడ్కోలును నేను దగ్గర్నుంచి చూశాను. రెండు బుగ్గల మీదా ముద్దులు, కౌగిలి, మళ్ళీ ముద్దులు, వచ్చే ఏడు ద్రాక్ష కోతలకు తప్పకుండా వస్తానని ఒట్లు. అన్నీ అయ్యాక బోర్డు వంక చూశారు. రద్దు. ఒకరి మొహం ఒకరు చూసుకోవడానికి మొహమాటపడి ఇద్దరూ చాలాసేపు ఆ బోర్డునే చూస్తూ నిలబడ్డారు. మళ్ళీ అదే పాత పాండా కారులో ఇంటికి. కూతురి హోదా ముందు రాత్రితోనే చెల్లిపోయింది గనక నిన్నటి పాస్తా వేడిచేసి పెట్టారు. మంచం అప్పటికే కొత్తగా దిగిన కుర్రాడి పేర రాసేశారు గనక సోఫా చూపించారు. ఊరికే కూర్చుంటే ఏం బావుంటుందని సాయంత్రం కట్టెలు పేర్చమన్నారు. మర్నాటి వీడ్కోలు కారు హారన్‌తో సరిపోయింది. కోసిన చేలో మర్నాడే రెండో పంట వేస్తే దిగుబడి ఇలాగే ఉంటుంది.

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. ఇటలీ పొలాల్లో జీతానికి చేసేవాళ్ళూ ఉన్నారు కదా, వాళ్ళ వీడ్కోళ్ళ దిగుబడి ఎంత అని. ఉన్నారు. రోమ్‌కు దక్షిణాన లాటినా మైదానంలో వేలమంది పంజాబీ సిక్కులు కూరగాయల తోటల్లో, ప్లాస్టిక్ పందిళ్ళ కింద నడుం వంచి పనిచేస్తారు. న్యాయమైన కూలి కావాలని 2016 ఏప్రిల్‌లో లాటినా నడిబొడ్డున గుమిగూడారు. కూలి దళారుల దోపిడీని అణచడానికి 199వ నంబరు చట్టం ఆ ఏడాదే వచ్చింది. 2024 జూన్‌లో అదే మైదానంలో ఒక పంజాబీ కూలీ చెయ్యి యంత్రంలో పడి తెగిపోతే, ఆస్పత్రికి చేర్చకుండా ఇంటి దగ్గర దింపేసి వెళ్ళిపోయారు. తెగిన చేతిని పళ్ళ పెట్టెలో పెట్టారు. రెండు రోజులకు రోమ్ ఆస్పత్రిలో అతను చనిపోయాడు. అదీ ఇటలీ పొలంలో ఒక మనిషిని సాగనంపిన తీరే.

కొండ మీద చిన్న రైతుకూ దానికీ సంబంధం లేదు, ఒప్పుకుంటాను. అయితే కౌగిలి ఎవరికి దక్కుతుందో చూస్తే మాత్రం నియమం తేటగానే ఉంది: డబ్బు అడగనివాడికి. అడగాల్సిన అవసరం లేనివాడికి అంటే ఇంకా కచ్చితంగా ఉంటుంది. మన హైదరాబాద్ కుర్రాడు ఆ కొండల దాకా వెళ్ళాలన్నా షెంగెన్ వీసా కోసం బ్యాంకులో నిల్వ చూపించాలి. ఊరికే పనిచేసి పెట్టే భాగ్యానికి కూడా ఉన్నవాళ్ళ బిడ్డనని రుజువు కావాలి.

కాబట్టి నా ప్రతిపాదన ఇది. పర్మిజానో రెజ్జానో జున్ను కనీసం 12 నెలలు మాగాలి, మోదెనా సంప్రదాయ బాల్సమిక్ వెనిగర్ కనీసం 12 ఏళ్ళు మాగాలి. పుట్టిన నేల పేరును కాపాడే డీఓపీ ముద్రకు 1992లో యూరప్ చట్టం చేసింది. వీడ్కోలుకూ ఆ ముద్ర వేయాలి. 14 రాత్రులైనా మాగని కన్నీరు చెల్లదు. ‘కూతురు’ అన్న మాట సీజనుకు ఒక్కరికే వాడాలి. కౌగిలి మధ్యలో ఆసామి ఫోన్ చూసుకుంటే సరుకు రెండో రకం. కుక్క లేచి గేటుదాకా వస్తే మేలురకం, ధర రెట్టింపు. ఏళ్ళ తరబడి జీతానికి చేసిన కూలీకి చెప్పే వీడ్కోలు కూడా ఈ ముద్రకు అర్హమే గానీ, పరీక్షకు పంపడానికి నమూనా ఇంతవరకూ దొరకలేదు.

ఈ మేరకు అర్జీ సిద్ధమైంది. అక్కడ సర్కారుకు అర్జీ పెట్టాలంటే మామూలుగా 16 యూరోల స్టాంపు అంటించాలి. ఆసామి జేబులు తడుముకున్నాడు. మంగళవారం వెళ్ళిపోబోయే వలంటీరు పిల్ల ఎండలో కొండ దిగి, పొగాకు దుకాణంలో తన డబ్బులతో స్టాంపు కొనుక్కొచ్చింది. రానూ పోనూ పట్టిన సమయాన్ని ఆ రోజు పని గంటల్లో కలపలేదు.