మంచం కింద భూతం, మంచం మీద నాన్న

నాలుగేళ్ల పిల్లాడు రాత్రి మూడుసార్లు మంచినీళ్లు అడిగితే ఇంట్లో పెద్దలు తేల్చేసే రోగం ఒకటే: చీకటంటే భయం. వాడికి చీకటితో ఏ పేచీ లేదు, పేచీ అంతా నిద్రతోనే. ఆ మాట వాణ్ణి అడిగితే కదా తెలిసేది! సాయంత్రానికల్లా నాన్న భయం పోగొట్టే బొమ్మల పుస్తకం పట్టుకొచ్చేస్తాడు.

ఇలాంటి పుస్తకాలు చాలావరకు 32 పేజీలే ఉంటాయి. పెద్ద కాగితాన్ని మడిచి కోస్తే పేజీలు ఎనిమిదేసి, పదహారేసి చొప్పున వస్తాయి గనక ఆ లెక్క. ముందుగా తాను ఒకసారి చదువుకోవడానికి పట్టేది ఐదు నిమిషాలు. నాన్న అట్ట చదివి సరిపెట్టుకుంటాడు.

రాత్రి తొమ్మిదిన్నరకు లైటు తగ్గించి, గొంతు పెంచి మొదలుపెడతాడు. మంచం కింద గోళ్లు, ఎర్రటి కళ్లు, గుర్రుమనే చప్పుడు. ఎన్నాళ్లుగానో వేషం దొరకని నటుడు ఆయనలో నిద్రలేస్తాడు. ఆ భూతం ఉత్త పిల్లేనని 28వ పేజీలో తేలుతుంది. పిల్లాడు 12వ పేజీలోనే ముసుగు తన్నేశాడు కాబట్టి ఆ శుభవార్త వాడిదాకా చేరదు. నిన్నటిదాకా మంచం కింద చెప్పులే ఉన్నాయనుకున్నవాడు ఇవాళ కాళ్లు కిందికి వేలాడేయడు.

అమ్మ సర్దిచెప్పబోతుంది: “చూశావా, బొమ్మలో పాప ఎంత ధైర్యంగా ఉందో! నువ్వూ ఉన్నావు...” దాంతో కథ కాస్తా క్లాసు అయిపోతుంది. మర్నాడు పుస్తకం సోఫా కింద దొరుకుతుంది.

పుస్తకంతో మనసు కుదుటపరచడాన్ని బిబ్లియోథెరపీ అంటారు. ఆ మాట 1916లో శామ్యూల్ క్రోథర్స్ అనే అమెరికన్ రాసిన ఒక సరదా వ్యాసంలో అచ్చయింది. పుట్టుకే హాస్యంలో గనక నాన్న మరీ సిగ్గుపడక్కర్లేదు.

సోఫా కింది పుస్తకాన్ని దులిపి, రెండు రోజులాగి, పగటిపూట తీయాలి. ఏడుపు మధ్యలో కథ చెవికెక్కదు, పుస్తకం గాల్లోకి ఎగురుతుంది. ముందు ఆ 28వ పేజీ పిల్లిని చూపించేసినా కొంపలేం మునగవు. పిల్లాడు ఒళ్లో కూర్చున్నాక వాడి భయం గురించి కాక, బొమ్మలోని పాప గురించి అడగాలి: “ఈ పాపకి ఇప్పుడేమనిపిస్తోంది?” అడిగి, మనసులో ఐదు అంకెలు లెక్కపెడుతూ ఊరుకోవాలి. పెద్దవాళ్లు ఓడిపోయేది ఇక్కడే. రెండు దగ్గరే జవాబు తామే అందించేస్తారు. పిల్లాడు “ఆకలేస్తోంది” అంటే తప్పని దిద్దకూడదు. “అవును, ఆకలి. పక్కన ఎవరూ లేరని బెంగ కూడానేమో” అని ఒక్క ముక్క కలిపితే చాలు. తన దిగులుకి పేరేమిటో వాడికి అక్కడ తెలుస్తుంది. భయం వారాల తరబడి నిద్రనీ ఆటనీ పాడుచేస్తుంటే మాత్రం డాక్టరుకి చూపించాలి, ఇంకో పుస్తకం కొనడం కాదు.

సరిగ్గా కుదిరిందో, ఇక రోజూ అదే పుస్తకం. తర్వాతి పేజీలో ఏముందో ముందే తెలియడమే పిల్లలకి హాయి. పదిహేడో రాత్రి నాన్న రెండు పేజీలు కలిపి తిప్పేస్తాడు.

“నాన్నా, తోక రాలేదు!”

వెనక్కి తిప్పి తోక చదివి, మీసాల దగ్గరికొచ్చేసరికి నాన్న గుర్రు పెడతాడు. అచ్చం 9వ పేజీలో భూతం చేసిన చప్పుడే. పిల్లాడు మంచం కిందికి వంగి చూసి, చెప్పులే ఉన్నాయని తేల్చుకుని, మిగతా పేజీలు తనే బొమ్మలు చూస్తూ ఆయనకి చదివి పెడతాడు.