ఇంటిపేరు మారినా ఫర్వాలేదు, ఊరిపేరు రాసి పెట్టండి

జర్మనీలోని న్యూరెంబర్గ్ విమానాశ్రయంలో దిగిన తెలుగువాళ్ళందరూ ఒక వలస కుటుంబం ఇంటిపేరు చూసే బయటికొస్తారు. ఆ విమానాశ్రయానికి ఆల్‌బ్రెక్ట్ డ్యూరర్ పేరు పెట్టారు. 1471లో ఈ ఊళ్ళో పుట్టి, 1528లో ఈ ఊళ్ళోనే కన్నుమూసిన చిత్రకారుడు. కుందేలు బొమ్మ, ప్రార్థనలో జోడించిన చేతుల బొమ్మ ఆయనవే. జర్మన్ కళ అనగానే ముందు గుర్తొచ్చే పేర్లలో ఇదొకటి. కానీ ఈ ఇంటిపేరు వెనక ఉన్న ఊరు జర్మనీది కాదు, హంగరీది. జర్మనీలో ఉంటున్న మనలో చాలామంది ఇప్పుడు పౌరసత్వం కాగితాలు, పేరు కాగితాలు పట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారు కాబట్టి, ఆ పేరు ఎలా పుట్టిందో, ఎందుకంత అరుదైందో చెప్పాలనిపించింది. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. పరాయి దేశంలో ఇంటిపేరు రూపం మారడం తప్పేమీ కాదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో ఎవరూ రాసి పెట్టకపోవడమే అసలు నష్టం.

హంగరీ ఆగ్నేయాన, రొమేనియా సరిహద్దు దగ్గర, గ్యూలా అని ఒక పట్నం ఉంది. దాని పక్కన అయ్‌తోష్ అనే పల్లె ఉండేది. ఇప్పుడా పల్లె లేదు. డ్యూరర్ పూర్వీకులు అక్కడ పశువులు, గుర్రాలు పెంచుకుని బతికేవాళ్ళు. తాత అంతోనీ చిన్నతనంలోనే గ్యూలా వచ్చి కంసాలి పని నేర్చుకున్నాడు. ఆయన పెద్దకొడుకు, అంటే మన చిత్రకారుడి నాన్న, అదే పని చేతపట్టుకుని ఊరు దాటాడు. ఆయన పేరు కూడా ఆల్‌బ్రెక్టే. నెదర్లాండ్స్‌లో పేరున్న పనివాళ్ళ దగ్గర చాలాకాలం ఉండి, 1455లో న్యూరెంబర్గ్ చేరాడు. ఇక్కడ హీరోనిమస్ హోల్పర్ అనే కంసాలి దగ్గర 12 ఏళ్ళు పనిచేశాడు. 1467లో హోల్పర్ తన కూతురు బార్బరానిచ్చి పెళ్ళి చేశాడు. అప్పటికి పిల్లకి 15 ఏళ్ళు, ఆయనకి 40.

హంగేరియన్‌లో 'అయ్‌తో' అంటే తలుపు. పల్లె పేరులో ఉన్నది ఆ మాటే. జర్మన్‌లో తలుపుని 'ట్యూర్' అంటారు. ఇక్కడివాళ్ళకి నోరు తిరగని ఊరిపేరు ఇక్కడి మాటలోకి మారి 'ట్యూరర్' అయింది, న్యూరెంబర్గ్ జనం నోట్లో పడి 'డ్యూరర్' అయింది. చరిత్రకారులు సాధారణంగా చెప్పేది ఇదే. ఈ ప్రాంతంలో ఉండేవాళ్ళకి ఆ రెండో మార్పు ఏమీ వింత కాదు. ఇక్కడి ఫ్రాంకోనియా యాసలో ట, డ దాదాపు ఒకేలా వినిపిస్తాయి. ఫోన్‌లో పేరు చెబితే, మెత్తటి డీయా, గట్టి టీయా అని ఇప్పటికీ అడుగుతారు.

కుటుంబం మాత్రం ఆ తలుపుని వదల్లేదు. డ్యూరర్ కుటుంబ చిహ్నం తెరిచి ఉన్న తలుపు. 1490లో, ఇంకా ఇరవై ఏళ్ళయినా నిండకుండానే, తండ్రి బొమ్మ గీసి దాని వెనక వైపు డ్యూరర్, హోల్పర్ కుటుంబాల చిహ్నాలు రెండూ పక్కపక్కన వేశాడు. ఆ బొమ్మ ఇప్పుడు ఫ్లోరెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉంది. 1523లో అదే తలుపు చిహ్నాన్ని చెక్కఅచ్చుగా వేశాడు. పేరు జర్మన్ అయినా, పైన వేసుకున్న గుర్తు మాత్రం వదిలొచ్చిన పల్లెదే. హంగరీవాళ్ళు కూడా ఆయన్ని తమవాడిగానే చూసుకుంటారు. బుడాపెస్ట్‌లో ఒక వీధికి అయ్‌తోషి డ్యూరర్ అని రెండు పేర్లూ కలిపే పెట్టుకున్నారు.

ఇలా పుట్టిన పేరు అరుదుగా ఉండడంలో ఆశ్చర్యం లేదు. జర్మనీలో ఎక్కడ చూసినా మ్యుల్లర్లు, ష్మిట్‌లు, ష్నైడర్లు ఉన్నారంటే, ప్రతి ఊళ్ళోనూ పిండిమర, కొలిమి, దర్జీ దుకాణం ఉండేవి కాబట్టి. ఒకరికొకరు ఏ సంబంధమూ లేని వేల కుటుంబాలకి విడివిడిగా అదే పేరు వచ్చింది. ఒక్క పల్లె పేరుని ఒక్క కుటుంబం మార్చుకుంటే పుట్టిన ఇంటిపేరుకి ఆ బలం ఉండదు. ఆ ఇంట్లో పిల్లలు బతికితే పేరు బతుకుతుంది, లేదంటే లేదు. డ్యూరర్ తల్లికి 18 మంది పిల్లలు. వాళ్ళలో 1524 నాటికి మిగిలింది ముగ్గురు అన్నదమ్ములే. ఆల్‌బ్రెక్ట్‌కి, ఆయన భార్య ఆగ్నెస్ ఫ్రైకి పిల్లలు లేరు. అన్నట్టు, డ్యుర్ అనే పేరు మీకు తరచుగా తగలచ్చు. అది వేరే పేరు, సన్నటివాడు అనే అర్థంలో వచ్చింది. దానికీ ఈ కుటుంబానికీ సంబంధం లేదు.

ఇవన్నీ మనకి ఇంత స్పష్టంగా ఎలా తెలిశాయి అన్నదే నాకు అన్నిటికన్నా ముఖ్యం. డ్యూరర్ ప్రపంచ ప్రసిద్ధుడు కావడం వల్లే అనుకుంటాం. దానికన్నా ముందు ఇంకొకటి ఉంది. వాళ్ళ నాన్న రాసుకునేవాడు. బంగారం పనిచేసే ఆ మనిషి, ఇల్లు నిండా పిల్లలున్న ఆ మనిషి, ఒక్కో బిడ్డ పుట్టినప్పుడు ఏ రోజు, ఏ వారం, ఏ గంటకి, జ్ఞానస్నానానికి పెద్దగా నిలబడ్డది ఎవరు అని వరసగా రాసి పెట్టాడు. 1471లో, ఒక మంగళవారం, ఆరో గంటకి తన భార్యకి రెండో కొడుకు పుట్టాడనీ, ఆంటోన్ కోబర్గర్ పెద్దగా నిలబడ్డాడనీ, బిడ్డకి తన పేరే పెట్టాననీ రాశాడు. ఆ బిడ్డే చిత్రకారుడు. కోబర్గర్ ఈ ఊరి పెద్ద అచ్చుయంత్రాల యజమాని. ఆయన ఇంటిపేరు కూడా కోబుర్గ్ అనే ఊరి నుంచి వచ్చిందే.

1524 క్రిస్మస్ దాటాక, 53 ఏళ్ళ వయసులో, డ్యూరర్ తండ్రి కాగితాలు ముందు పెట్టుకుని కుటుంబ చరిత్ర రాశాడు. తాత ఏ పల్లెవాడు, ఏం చేసి బతికేవాడు, నాన్న ఏ ఏడాది ఈ ఊరొచ్చాడు, అన్నీ అందులోనే ఉన్నాయి. నాన్న వచ్చిన రోజున కోట దగ్గర పెద్ద చెట్టు కింద పిర్క్‌హైమర్ అనే కుటుంబంవాళ్ళ పెళ్ళి వేడుక జరుగుతోందని కూడా రాశాడు. తర్వాత 18 మంది పిల్లల జాబితా. హాన్స్ అనే పేరు అందులో మూడుసార్లు వస్తుంది. పోయిన బిడ్డ పేరు మళ్ళీ పుట్టిన బిడ్డకి పెట్టేవాళ్ళు. చివరికి ముగ్గురమే మిగిలామని చెబుతూ, నేను, ఆండ్రెయాస్, ఆ పేరు గల మూడోవాడు హాన్స్ అని రాస్తాడు. ఆ జాబితా చదువుతుంటే ఎవరికైనా గొంతు పట్టేస్తుంది.

ఆ పుస్తకంలోనే ఇంకో సంగతి ఉంది. మన ఇళ్ళకి బాగా దగ్గరిది. అంతోనీ తాతకి లాస్లో అని ఇంకో కొడుకు ఉన్నాడు. గుర్రాల కళ్ళేలు చేసేవాడు. అతని కొడుకు నిక్లాస్ కూడా కంసాలి పని నేర్చుకుని కొలోన్‌లో స్థిరపడ్డాడు. అక్కడ అతన్ని 'ఉంగర్' అన్నారు, అంటే హంగరీవాడు అని. ఒకే తాత మనవలు ఇద్దరు, ఒకరు న్యూరెంబర్గ్‌లో డ్యూరర్, ఒకరు కొలోన్‌లో ఉంగర్. నెదర్లాండ్స్ ప్రయాణంలో డ్యూరర్ కొలోన్‌లో ఈ నిక్లాస్‌ని కలిశాడు. వెల్వెట్ అంచు వేసిన తన నల్లకోటు అతనికీ, అతని భార్యకి ఒక గిల్డరూ ఇచ్చానని ఖర్చుల పుస్తకంలో రాసుకున్నాడు. ఇంటిపేర్లు వేరైనా బంధుత్వం వాళ్ళకి తెలుసు. మనకి తెలిసింది మాత్రం రాసిపెట్టడం వల్లే.

తర్వాత కాలంలో జర్మనీలో పేర్లు ఇలా మారే వీలు పోయింది. 1876 జనవరి 1 నుంచి దేశమంతా పుట్టుక, పెళ్ళి, చావు సర్కారు రిజిస్టర్లోకి ఎక్కాయి. అంతవరకూ పాస్టర్ చెవికి ఎలా వినిపిస్తే అలా రాసేవాడు. ఆ రోజుకి ఎవరి పేరు ఏ స్పెల్లింగులో ఉందో దాదాపు అదే ఖాయమైంది. మైయర్ అనే ఒక్క పేరు నాలుగు రకాలుగా ఉండడం అందుకే. మైన్జ్ నగరంలోని విజ్ఞాన, సాహిత్య అకాడమీ 2012 నుంచి జర్మనీ ఇంటిపేర్లకి డిజిటల్ నిఘంటువు తయారు చేస్తోంది. పేరు కొడితే ఏ ప్రాంతంలో ఎంతమంది ఉన్నారో మ్యాపు వస్తుంది. చాలా గొప్ప పని. కానీ అరుదైన పేర్ల దగ్గర పండితులు తరచూ రెండు మూడు వివరణలు ఇచ్చి, ఇదీ కావచ్చు, అదీ కావచ్చు అంటారు. మ్యాపు ఎక్కడ అన్నది చెబుతుంది. ఎందుకు అన్నది ఆ ఇంట్లోవాళ్ళే చెప్పాలి.

ఇక మన సంగతి. 2024 జూన్‌లో కొత్త చట్టం అమల్లోకి వచ్చి పౌరసత్వానికి ఉండాల్సిన కాలం 8 ఏళ్ళ నుంచి 5కి తగ్గింది. ఆ దారిలో వెళ్ళేవాళ్ళకి రిజిస్ట్రీ ఆఫీసులో పేరు గురించి ప్రకటన ఇచ్చే అవకాశం ఉంది. ఉన్న పేరులో ఏది ఇంటిపేరో, ఏది సొంత పేరో తేల్చుకోవచ్చు. పేరుకి జర్మన్ రూపం కూడా తీసుకోవచ్చు. డ్యూరర్ నాన్న చేసింది ఇవాళ చట్టంలో ఒక వాక్యంగా ఉందన్నమాట. 2025 మే 1 నుంచి దంపతులిద్దరి ఇంటిపేర్లూ కలిపి పెట్టుకునే వీలు కూడా వచ్చింది.

మన పాస్‌పోర్టుల పరిస్థితి మీకు తెలిసిందే. అన్నకి ఇంటిపేరు సర్‌నేమ్ గడిలో ఉంటుంది, తమ్ముడికి నాన్న పేరు ఉంటుంది, చెల్లెలికి ఆ గడి ఖాళీ. ముగ్గురూ ఒకే ఇంటివాళ్ళని ఇక్కడి ఆఫీసులో నమ్మించడానికి జనన ధృవపత్రాలు, అనువాదాలు, బోలెడు టెన్షన్. దానికి తోడు జర్మన్లు మన 'జ'ని 'య' అంటారు, 'వ'ని 'ఫ' అంటారు. వేమూరి కాస్తా ఫేమూరి అవుతుంది. ఈ బాధ పడలేక పేరు కత్తిరించుకున్నవాళ్ళున్నారు, ఒక్క అక్షరం కదిలించనని పట్టుబట్టినవాళ్ళున్నారు. పిల్లలకి బళ్ళో సులువుగా ఉండాలనుకోవడం న్యాయమే, తాతల పేరు నిలబెట్టాలనుకోవడమూ న్యాయమే. ఇందులో ఎవరినీ తప్పు పట్టను. ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. మొదటి రెండు అక్షరాలే మిగిల్చి మిగతాది కొట్టేయడం కన్నా, పూర్తి ఇంటిపేరుని రెండో పేరుగా అయినా కాగితంలో ఉంచుకోవడం మంచిది. ఆ రెండు అక్షరాల్ని పట్టుకుని మీ మనవలు ఎక్కడికీ చేరలేరు.

పేరు అక్షరం పొల్లుపోకుండా ఉంచినా సరిపోదని కూడా గుర్తుపెట్టుకోవాలి. మన ఇంటిపేర్లలో ఎన్నో ఊరిపేర్లే: వేమూరి, తాడేపల్లి, నిడదవోలు, కొల్లూరి. కొల్లూరి వారిది ఏ కొల్లూరు? బాపట్ల జిల్లాలో ఒకటుంది. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరు దగ్గర ఒకటుంది. కృష్ణ ఒడ్డున వజ్రాల గనులకి ప్రసిద్ధికెక్కిన కొల్లూరు ఒకటి, అది పులిచింతల జలాశయంలో మునిగిపోయింది. పేరు ఒక్కటే చూసి ఎవరూ తేల్చలేరు. ఊళ్ళో ఉన్న పెద్దాయన తేల్చగలడు, ఆయన ఉన్నంతవరకే. ఇక్కడ పుట్టిన పిల్లలకి ఆ పెద్దాయనతో మాట్లాడే భాష కూడా సరిగ్గా ఉండకపోవచ్చు. అందుకే రాసి పెట్టాల్సింది మన తరమే.

ఏం రాయాలి అంటే, డ్యూరర్, వాళ్ళ నాన్న రాసినలాంటివే. ఊరు, మండలం, జిల్లా, పక్కన ఉన్న కాలువో చెరువో. అక్కడి నుంచి ఎవరు ఎప్పుడు ఎక్కడికి కదిలారు, ఎందుకు కదిలారు. పాత సర్టిఫికెట్లలో ఇంగ్లిషు స్పెల్లింగు ఎలా ఉంది, పాస్‌పోర్టులో ఏమైంది, జర్మన్ కాగితాల్లో ఏమైంది, ఏ తేదీన. అన్నదమ్ముల, అక్కచెల్లెళ్ళ పేర్లు ఎవరెవరి కాగితాల్లో ఎలా ఉన్నాయి. అమ్మ పుట్టింటివారి ఇంటిపేరు, అమ్మమ్మ పుట్టింటివారిది తప్పకుండా రాయండి. మన కుటుంబ చరిత్రల్లో ముందు జారిపోయేవి అవే. హోల్పర్ అనే పేరు ఇవాళ నేను ఇక్కడ రాయగలిగానంటే, కొడుకు తల్లి పుట్టింటిని కూడా తండ్రి ఇంటి పక్కనే పెట్టి గీశాడు, రాశాడు కాబట్టి.

మన సంఘం ఉగాది సంచికలో ప్రతి ఏడాదీ కొన్ని పేజీలు దీనికి కేటాయించాలని సంపాదక వర్గాన్ని కోరుతున్నాను. ఒక్కో ఇంటికి ఒక పేజీ చాలు. చేతిరాతతో పంపినా టైపు చేసే బాధ్యత నేను తీసుకుంటాను, తెలుగు చదవలేని పిల్లల కోసం పక్కనే జర్మన్‌లో కూడా వేద్దాం. పాస్‌పోర్టు నంబర్లు, పుట్టిన తేదీల లాంటివి అచ్చులో వద్దు, అవి ఇంట్లో ఉన్న ప్రతిలో రాసుకోండి. ఈ వారాంతం ఊరికి ఫోన్ చేసినప్పుడు మాత్రం, మన ఇంటిపేరు ఊరు ఏ ఊరు, అక్కడి నుంచి మనవాళ్ళు ఎందుకు వచ్చేశారు అని అడగండి. ఎనభై దాటిన వాళ్ళుంటే ముందు వాళ్ళనే అడగండి.