ఎర్రపెట్ట కేసు

కోళ్లు పెంచుదామనడంలో మా ఇంట్లో పేచీ లేదు. దేనికన్న దగ్గరే వచ్చింది తంటా. అమ్మకి గుడ్లు కావాలి, నాన్నకి కూర కావాలి.

బ్రాయిలర్ అయితే ఆరు వారాలకే 2 కిలోలు తూగుతుంది గానీ, నాన్న లెక్కలో అది కోడి కాదు, దూది. ఫారం లేయరు ఏడాదికి 300 గుడ్లు పెడుతుంది, కూరకి మాత్రం ఎముకలే మిగుల్తాయి. నాటుపెట్టేమో పది గుడ్లు పెట్టిందో లేదో పొదుగుడికి కూర్చుంటుంది. ఆలోచించి ఆలోచించి పది వనరాజా పిల్లల్ని తెచ్చాను. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లో కోళ్ల పరిశోధన సంస్థ వాళ్లు పెరటి పెంపకం కోసమే తయారు చేసిన జాతి. గుడ్లూ ఇస్తుంది, మాంసమూ ఇస్తుందన్నారు. ఎవరికిస్తుందో మాత్రం చెప్పలేదు.

రెంటిని కుక్క, ఒకదాన్ని గద్ద పట్టుకుపోయాయి. మిగిలినవాటిలో ఐదు పుంజులు తేలాయి. నాన్న మొహం వెలిగిపోయింది. పెట్టలు రెండే, నల్లదీ ఎర్రదీ.

ఆరో నెల దాటాక నల్లపెట్ట గంపలో గుడ్డు పెట్టి ఊరంతా వినేలా చాటింపు వేసింది. ఎర్రది మాత్రం పొద్దున్నే నూకలు, తవుడు మెక్కి, గోడ దూకి షికారుకెళ్లి, మధ్యాహ్నానికి తాపీగా వచ్చేది. "జుట్టు మందారంలా ఉందిరా, ఇది పెట్టేదే" అంది అమ్మ. నేను నోటుబుక్కు తీసి చూపించాను. ఎర్రపెట్ట: మేత రెండు నెలలు, గుడ్లు సున్నా.

"గొడ్డుది. ఆదివారం కోసేద్దాం" అన్నారు నాన్న. లెక్క చూపించినవాణ్ని, కాదని ఎలా అంటాను?

ఆదివారం పళ్లెంలో ముక్కలు కడుగుతున్న అమ్మ చెయ్యి ఆగింది. కడుపులో గుడ్ల గుత్తి! రేగుపండంత పచ్చసొన ఒకటి, పక్కన దానికంటే కాస్త చిన్నది, ఆ వెనక ఇంకా చిన్నవి, రేపటిదీ ఎల్లుండిదీ ఆవలెల్లుండిదీ వరసలో ఉన్నట్టు. అన్నిటికంటే ముందు, పెంకు గట్టిపడిన గుడ్డు ఒకటి, ఇవాళ్టిది. అమ్మ నన్నేమీ అనలేదు. నోటుబుక్కు వైపు మాత్రం ఒకసారి చూసింది.

కూర అద్భుతంగా కుదిరింది, అదొక బాధ.

సాయంత్రం పక్కింటి అత్తయ్యగారికి ఇద్దామని అమ్మ గిన్నెలో కూర తీసి గోడ దగ్గరికెళ్లింది. వెనకే నేనూ. మేం పిలవకముందే ఆవిడ తల బయటికొచ్చింది.

"వదినా, మీ ఎర్రపెట్ట ఇవాళ రాలేదేం? ఒంట్లో బాలేదా? రోజూ పదకొండింటికల్లా మా గడ్డివాములో కూర్చునేది."

"కూర్చుని ఏం చేసేదండీ?" అన్నాను, తెలిసీ.

"ఏం చేస్తుంది బాబూ, పెట్టేసి వెళ్లేది. మొన్న మీకు పంపిన గుడ్ల పులుసు దానివే. 'నాటుగుడ్డు రుచే వేరు' అన్నారటగా నాన్నగారు?"

గోడ మీదికి వెళ్లిన గిన్నె అక్కడే ఆగిపోయింది.