ఊళ్ళో చరిత్ర పండుగ పెడుతున్నారా? ముందు శాలువాలు మానండి

చిన్న పట్టణాల్లో కూడా చరిత్ర, సాహిత్యం, సమాజంలో మార్పులు అంటూ రెండు రోజుల పండుగలు పెడుతున్నారు. మంచిదే. కానీ చాలాచోట్ల జరిగేది సన్మాన సభ. పదింటికని కార్డులో వేస్తారు, ముఖ్య అతిథి పదకొండున్నరకి దిగుతారు. వేదిక మీద పన్నెండు మంది, ఒక్కొక్కరికీ "క్లుప్తంగా రెండు మాటలు". ఆ రెండు మాటలు పావుగంటకి తక్కువుండవు. పన్నెండు పావుగంటలంటే మూడు గంటలు. జనం నోరు తెరిచే వేళకి భోజనాలు.

నెల్లూరు జిల్లా దూబగుంట సంగతి గుర్తు చేసుకోండి. 1990ల మొదట్లో రాత్రిబడికి వచ్చిన ఆడవాళ్ళు సారా మీద పాఠం చదివి, మరి మన ఊళ్ళో సంగతేంటని అడిగారు. అక్కడ రాజుకున్నది రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం. 1997లో సడలించేశారనుకోండి, ఎందుకన్నదీ చర్చకి పెట్టాల్సిందే. అంతటి కథకీ మొదలు ఒక పాఠం, దాని చుట్టూ కూర్చున్న జనం.

కాబట్టి సెషన్ కూడా అలాగే పెట్టండి. వేదిక వద్దు. నలభై కుర్చీలు, గుండ్రంగా రెండు వరుసలు, గంటన్నర. మొదటి పది నిమిషాలు, చర్చకి పెట్టిన సంగతి మీద ఆనాటి పేపరు వార్త ఒకటి పైకి చదివించండి. జిరాక్సు అందరికీ ఇవ్వండి, అక్షరాలు పెద్దవి చేసి. కళ్ళజోడు ఇంట్లో మర్చిపోయినవాళ్ళు ప్రతి సభలోనూ ఉంటారు. ఇరవై నిమిషాలు విషయం తెలిసినవాళ్ళకి, మిగతా గంట జనానికి. మైకు మాత్రం చేతికివ్వకండి, మీరే పట్టుకోండి. చేతికిస్తే ప్రశ్న కాస్తా ఉపన్యాసం అయిపోతుంది. మొదటి ప్రశ్న ఆడవాళ్ళ నుంచి తీసుకోండి. మొదట మగాళ్ళు అందుకుంటే చివరిదాకా వాళ్ళే. టైము కూడా చూసుకోండి: పొద్దున ఉపాధి పని, సాయంత్రం పొయ్యి దగ్గర పని. మధ్యాహ్నం రెండున్నర అయితే వస్తారు.

పక్కన ఒక ఫొటోల బల్ల వేయండి. ఇళ్ళలోని పాత ఫొటోలు, కరపత్రాలు, రేషన్ కార్డులు తెమ్మని వారం ముందే చాటింపు వేయించండి. సెల్‌తో ఫొటో తీస్తే పైనున్న ట్యూబ్‌లైటు మెరుపు పడి మొహాలు కనపడవు, అందుకే స్కానర్ తెచ్చుకోండి, స్కాన్ ఎంత స్పష్టంగా రావాలో చెప్పే డీపీఐ అంకెని 600లో పెట్టండి. ఆల్బమ్‌కి అంటుకుపోయినదాన్ని పీకొద్దు, పేజీతో సహా స్కాన్ చేయండి. ఫొటో వెనక బాల్‌పెన్నుతో రాస్తే అచ్చు ముందుకి పొడుచుకొస్తుంది, మెత్తటి పెన్సిల్ చాలు. ఎవరు, ఏ ఊరు, సుమారు ఏ ఏడు, గోడకి పెట్టుకోవచ్చా లేదా: ఈ నాలుగూ అక్కడికక్కడే రాసుకోండి. అసలు ఫొటో అదే రోజు, అదే చేతికి తిరిగివ్వాలి. ఒక్కటి పోయిందా, వచ్చే ఏడు ఎవరూ తేరు.

పెద్దవాళ్ళ మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను ఆపండి, తర్వాత వింటే ఫ్యానే వినిపిస్తుంది. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టకపోతే మంచి ఘట్టంలోనే లోన్ కావాలా అని కాల్ వస్తుంది.

డబ్బు లేదంటారు. పన్నెండు శాలువాలు మూడొందల చొప్పున, పన్నెండు మెమెంటోలు నాలుగొందల చొప్పున, ఎనిమిది వేల నాలుగొందలు. జిరాక్సులకీ, టీలకీ, ఒక మామూలు స్కానర్‌కీ సరిపోతాయి.

ఇక "రాజకీయాలు మాత్రం వద్దండీ" అనే నిర్వాహకులకి ఒక మాట. నిజాం రాజ్యంలో సభ పెట్టాలంటే గస్తీ నిషాన్ 53 అనే ఉత్తర్వు కింద సర్కారు అనుమతి కావాలి. ఆ రోజుల్లోనే, 1930లో, జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన, ఆ రాజ్యంలోని తెలుగువాళ్ళ సభ అయిన ఆంధ్ర మహాసభ తొలిసారి జరిగింది. పక్కనే నడింపల్లి సుందరమ్మ అధ్యక్షతన మహిళా సభ కూడా. మీరు రాయాల్సింది మైకు కోసం స్టేషన్లో ఒక దరఖాస్తు. రాత్రి పదింటికల్లా కట్టేస్తామని అందులోనే రాసివ్వండి.