దయచేసి ముగించండి

2023 డిసెంబరు 7, గురువారం రాత్రి. తెల్లవారితే బడి ఉన్నా మా అబ్బాయి పడుకోనని మొండికేసి సోఫాలో నా పక్కన కూర్చున్నాడు. టీవీలో లాస్ ఏంజెలెస్ నుంచి గేమ్ అవార్డ్స్, అంటే ఏటా వీడియో గేమ్‌లకు బహుమతులిచ్చే వేడుక. మూడు గంటలు కూర్చోబెట్టాక, చివరికి ఆ ఏటి ఉత్తమ గేమ్‌గా ‘బాల్డర్స్ గేట్ 3’ పేరు చదివారు. దాన్ని తయారుచేసిన బెల్జియం స్టూడియో లారియన్ అధిపతి స్వెన్ వింకే యోధుడి కవచం తొడుక్కుని, సురభి నాటకంలో దుర్యోధనుడిలా కదిలి వచ్చి వేదిక ఎక్కాడు. మావాడు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు.

వింకే తన జట్టుకు కృతజ్ఞతలు చెబుతూ, అంతకు ముందు నెలలోనే కన్నుమూసిన సహోద్యోగిని తలచుకున్నాడు. ఆయన మాట్లాడుతున్న వేళ ఎదురుగా టెలిప్రాంప్టర్ మీద, అంటే వక్తకు మాటలు చూపే తెర మీద, ఏమి కనిపించిందో మర్నాడు హాల్లో ఉన్నవారు తీసిన ఫొటోలు చూస్తే తెలిసింది. పెద్ద అక్షరాలతో ‘దయచేసి ముగించండి’ అని ఉంది.

ఆ ఫొటో చూసి ప్రపంచమంతా మండిపడింది. నాకు ముందు నవ్వు వచ్చింది, ఆ వెంటనే సిగ్గు వేసింది. ఎందుకంటే అదే మాట రాసిన అట్టముక్క నేనూ పట్టుకున్నవాణ్నే.

కొన్నేళ్ల కిందట మా ఊళ్లో మా సంఘం ఉగాది సభ. అద్దెకు తీసుకున్న హైస్కూలు ఆడిటోరియం, రాత్రి పదింటికల్లా ఖాళీ చేసి తాళాలు అప్పగించాలి. సమయం చూసుకునే పని కార్యవర్గం నాకు అప్పజెప్పింది. కూతురి దగ్గరికి వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, డెబ్బై ఏళ్లు దాటినాయన, రాయబార పద్యం అందుకున్నారు. మూడో పాదం దాటి రాగం తీస్తున్నారు. మొదటి వరుసలో కూర్చున్న నేను అట్ట పైకెత్తాను. ఆయన చూశారు. పైకి వెళ్తున్న రాగాన్ని అక్కడే దించేసి, నాలుగో పాదం వచనంలా చదివేసి, నమస్కారం పెట్టి దిగిపోయారు. అంతకు ముందు ఇదే వేదిక మీద మా ప్రధాన స్పాన్సర్, అంటే స్థలాల వ్యాపారి, తెర మీద లేఅవుటు మ్యాపులు చూపిస్తూ ఇరవై అయిదు నిమిషాలు మాట్లాడాడు. ఆయన ముందు అట్ట ఎత్తాలన్న ఆలోచన కూడా నాకు రాలేదు. భోజనాల ఖర్చు ఆయనదే మరి.

కనుక గేమ్ అవార్డ్స్ గురించి నేను రాసే నాలుగు మాటలు దొంగ సొమ్ము లెక్క తెలిసిన దొంగ చెప్పే మాటలు అనుకోండి.

ఆ ఏడాది సుమారు ముప్పై బహుమతులు. వాటిలో చాలా వాటికి వేదికే దక్కలేదు. వ్యాఖ్యాత గుక్క తిప్పుకోకుండా పేర్లు వరసపెట్టి చదివేశాడు, పెళ్లిలో చదివింపులు చదివినట్టు. వేదిక ఎక్కగలిగిన వారికి ముప్పై సెకన్లు కాగానే సంగీతం మొదలయ్యేది. అదే వేదిక మీద సినిమా నటుడు మాథ్యూ మెకానహే వచ్చి తాను నటించబోయే గేమ్ గురించి చెప్పాడు. జపాన్ దర్శకుడు హిడియో కొజిమా, హాలీవుడ్ దర్శకుడు జోర్డన్ పీల్ ఇంకా తయారే కాని గేమ్ గురించి తీరిగ్గా ముచ్చటించుకున్నారు. మప్పెట్స్ బొమ్మ గాంజో కూడా వచ్చి హాస్యమాడిపోయాడు. కొజిమా అంటే నాకూ అభిమానమే. అయినా రాబోయే గేమ్‌కు అన్ని నిమిషాలు ఇచ్చి, వచ్చి మెప్పించిన గేమ్‌కు అర నిమిషం ఇచ్చే సభను బహుమతుల సభ అని ఎలా అనగలం?

లెక్క అంతా వేడుక మధ్యలో వేసే రాబోయే గేమ్‌ల ట్రైలర్లలో ఉంది. ఈ వేడుక నిర్వాహకుడు జెఫ్ కీలీకి వేసవిలో నడిపే మరో ప్రదర్శన ఉంది. అందులో ఒక నిమిషం ట్రైలర్‌కు రెండున్నర లక్షల డాలర్లు తీసుకుంటారని 2024లో ఎస్క్వైర్ పత్రిక రాసింది. మన రూపాయల్లో రెండు కోట్ల పైమాటే. డిసెంబరు వేడుక దానికన్నా పెద్దది కాబట్టి అక్కడ రేటు తక్కువ ఉంటుందని నేననుకోను. కొన్ని ట్రైలర్లను ఉచితంగా కూడా వేస్తారు, నిజమే. కానీ నిమిషానికి అంత ధర పలికే చోట, పైసా కట్టకుండా నిలబడి కన్నీళ్లు పెట్టుకుంటూ మాట్లాడే మనిషి నిర్వాహకుడి కంటికి ఎలా కనిపిస్తాడు? ఖరీదైన స్థలంలో బండి పెట్టుకున్నవాడిలా కనిపిస్తాడు.

ఈ అలవాటు టీవీ నుంచి వచ్చింది. అమెరికాలో స్పైక్ అనే కేబుల్ చానల్ 2003లో వీడియో గేమ్ అవార్డ్స్ మొదలుపెట్టింది. మొదటి వేడుక లాస్ వేగస్‌లో, ఎంజీఎం గ్రాండ్‌లో. ఆ ఏడు ఉత్తమ గేమ్ ‘మాడెన్ ఎన్ఎఫ్ఎల్ 2004’ అనే అమెరికన్ ఫుట్‌బాల్ గేమ్. ఆ చానల్ కుర్రకారు కోసం నడిచేది కాబట్టి సినిమా తారలు, హాస్యగాళ్లు, కేరింతలు ముందు వరుసలో ఉండేవి, గేమ్ తయారుచేసినవారు ఆ వెనక. 2013కు వచ్చేసరికి పేరు వీజీఎక్స్‌గా మారింది. కీలీ పక్కన వ్యాఖ్యాతగా నిలిచిన హాస్యనటుడు జోయెల్ మెక్‌హేల్ రాత్రంతా ఆ కార్యక్రమాన్నే వెటకారం చేశాడు. చూసినవారికి ఇబ్బంది, పక్కన నిలబడినవాడికి అంతకు రెట్టింపు. మరుసటి ఏడు కీలీ చానల్‌ను వదిలేసి, సొంత డబ్బు పెట్టి, 2014 డిసెంబరులో గేమ్ అవార్డ్స్ ప్రారంభించాడు. ఏ చానల్‌కూ అమ్మకుండా ఇంటర్నెట్‌లో ఉచితంగా ప్రసారం చేశాడు. ఆ తెగువను మెచ్చుకోవలసిందే. అయితే చానల్‌ను వదిలాడు గానీ, దాని బుద్ధులు వెంట తెచ్చుకున్నాడు.

అవార్డులు అమ్ముకుంటున్నారని మాత్రం నేను అనను. ఓట్లలో 90 శాతం బరువు వందకు పైగా పత్రికలు, వెబ్‌సైట్ల ప్రతినిధులున్న జ్యూరీది, 10 శాతం ప్రేక్షకులది. ఎంపికలతో ఏటా గొడవపడతాం, అది సరదా. మొదటి ఏడు సుమారు 19 లక్షలున్న ప్రసార వీక్షణలు 2023లో 11.8 కోట్లకు, 2024లో 15.4 కోట్లకు చేరాయని నిర్వాహకులే ప్రకటించుకున్నారు. అవి మనుషుల లెక్క కావు, ప్రసారాల లెక్క. మా ఇంట్లోనే ఆ రాత్రి టీవీలో ఒకటి, మావాడి ఫోన్లో ఒకటి నడిచాయి.

ఇప్పుడు మనకు దగ్గరి సంగతి. ‘వెన్బా’ అని ఒక చిన్న గేమ్ ఉంది. టొరంటోలోని విసాయ్ గేమ్స్ 2023లో విడుదల చేసింది. 1980ల్లో కెనడాకు వలస వచ్చిన తమిళ దంపతులు, వారికి అక్కడ పుట్టిన కొడుకు, చెదిరిపోయిన అక్షరాలతో అమ్మమ్మ వంటల పుస్తకం, అదీ కథ. మసకబారిన చోట్ల ఏమి రాసి ఉండేదో ఊహించి మనం వంట పూర్తి చేయాలి. మొదటి వంట ఇడ్లీ. పళ్లేలను ఏ వరసలో పేర్చాలో తేల్చుకోలేక మావాడు రెండుసార్లు పాడుచేశాడు. నన్నడిగితే నాకూ తెలియలేదు. ముప్పై ఏళ్లుగా తింటున్నానే తప్ప ఏనాడైనా పేర్చిన పాపాన పోయానా? రాజమండ్రికి ఫోను చేశాం. “ఒరేయ్, ఒక పళ్లెంలో గుంట ఉన్న చోట పై పళ్లెంలో సందు రావాలిరా, లేకపోతే ఆవిరి ఎక్కడికి పోతుంది?” అని మా అమ్మ మొదలుపెట్టి, పిండి పులవకపోతే ఏమి చేయాలో, మా నాయనమ్మ కాలంలో గుడ్డ ఎలా పరిచేవారో కూడా మనవడికి చెప్పింది. ఇంగ్లీషు గేమ్ పుణ్యమా అని మావాడు వాళ్ల నానమ్మతో అంతసేపు తెలుగులో మాట్లాడటం అదే మొదలు.

గేమ్ అవార్డ్స్‌లో వెన్బాకు రెండు విభాగాల్లో నామినేషన్ వచ్చింది, రెండూ దక్కలేదు. దక్కాల్సిందని వాదించను, తొలి గేమ్ విభాగంలో గెలిచిన ‘కొకూన్’ కూడా గొప్ప గేమే. కానీ ఆ రాత్రి వెన్బా అంటే ఏమిటో తెలియనివాడికి తెలిసే అవకాశం ఎంత? నామినేషన్ల వరసలో రెప్పపాటు దృశ్యం. మూడు నెలల తరువాత, 2024 మార్చిలో, శాన్‌ఫ్రాన్సిస్కోలో గేమ్‌లు తయారుచేసేవారే తమలో తాము ఇచ్చుకునే వేడుక జరిగింది. స్వతంత్ర గేమ్‌ల పోటీలో మహా బహుమతి, డెవలపర్స్ చాయిస్‌లో ఉత్తమ తొలి గేమ్ బహుమతి, రెండూ వెన్బాకే. ఏప్రిల్‌లో లండన్‌లో బ్రిటిష్ సినిమా, టీవీ అకాడమీ బాఫ్టా కూడా ఉత్తమ తొలి గేమ్‌గా దాన్నే ఎంచింది. ఆ సభల్లో కోట్ల వీక్షణలు లేవు, తారలు లేరు. మన మధ్య ఎంతమందికి ఆ సంగతి చేరిందో ఈ పత్రిక పాఠకులను చేతులెత్తమంటే తెలిసిపోతుంది.

అక్కడే నా వాదన కాస్త తడబడుతుంది, ఒప్పుకుంటాను. పెద్ద అంగడి వల్ల చిన్నవాడికి మేలు జరిగిన సందర్భాలు ఉన్నాయి. పేరు బయటపెట్టని కెనడా కుర్రవాడు ఒక్కడే కూర్చుని చేసిన పేకముక్కల గేమ్ ‘బలాట్రో’ 2024 వేడుకలో మూడు బహుమతులు గెలిచింది. ఆ డిసెంబరులో 35 లక్షల కాపీల దగ్గర ఉన్న అమ్మకాలు జనవరికి 50 లక్షలు దాటాయి. ముప్పై సెకన్లే ఇంత చేయగలిగితే, ఆ సెకన్ల విలువ నిర్వాహకులకు తెలియక కాదు కదా!

ఇంకొకటి. 2023లో ఈ పరిశ్రమలో పది వేల మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. ఆ గేమ్‌లకు బహుమతులు పంచిన రాత్రి వేదిక మీద ఆ ఊసే లేదు. హైదరాబాదులో ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అనే పెద్ద గేమ్ సంస్థకు స్టూడియో ఉంది, మన ఇళ్ల పిల్లలు ఆ రంగంలో ఇక్కడా అక్కడా పనిచేస్తున్నారు. వారి పేర్లు గేమ్ పూర్తయ్యాక వరసగా పైకి పోయే అక్షరాల్లోనే కనిపిస్తాయి. సంగీతం మరీ తొందరగా మొదలైందని కీలీ అప్పుడే ఒప్పుకున్నాడు. మరుసటి ఏడు కొంత మారింది. ఉద్యోగాలు పోయినవారికి కొత్త కొలువులు వెతికిపెట్టిన అమీర్ సత్వత్‌ను వేదిక మీద సత్కరించారు. వింకే మళ్లీ వచ్చి, పనివారిని అంకెలుగా చూడని స్టూడియోలే మంచి గేమ్‌లు తీస్తాయన్న అర్థం వచ్చేలా మాట్లాడితే హాలు మారుమోగింది. ఈసారి ఎవరూ ముగించమనలేదు.

నన్నడిగితే ట్రైలర్లకు ఒక రాత్రి పెట్టుకోండి. సంతకు సంత అని పేరు పెట్టుకోవడంలో తప్పేమీ లేదు, మావాడు అదీ చూస్తాడు. బహుమతులకు మరో రాత్రి. డబ్బు రాదంటారా? అయితే ఒక్క ప్రకటన తగ్గించి, ఆ నిమిషాన్ని గెలిచినవారికి పంచండి. మా సంఘానికీ ఇదే చెప్పాను. వచ్చే ఉగాదికి స్పాన్సర్ల ప్రసంగాలు భోజనాల వేళ పెట్టాలని తీర్మానం అయింది. స్థలాల వ్యాపారి ఒప్పుకుంటాడో లేదో చూడాలి.

ఇంతకీ ఆ వేడుకలో మా ఇంట్లో అందరం కలిసి చూసే ఘట్టం ఒకటుంది. చివరి బహుమతికి ముందు పెద్ద వాద్యబృందం నామినేషన్ పొందిన గేమ్‌ల సంగీతాన్ని కలిపి వాయిస్తుంది. 2022లో అందులో వేణువు పట్టిన పెడ్రో యుస్టాషే అనే వెనిజువెలా విద్వాంసుడు ఒళ్లు మరచి ఊగిపోతూ వాయించాడు. ఆ ఏడు ఎవరు ఏమి గెలిచారో మా ఆవిడకు గుర్తు లేదు గానీ ఆయన గుర్తున్నాడు. ఏటా డిసెంబరులో వేడుక మొదలవగానే ఆమె దుప్పటి కప్పుకుంటూ మావాడికి ఒకటే మాట చెబుతుంది: “ఆ వేణువాయన వచ్చినప్పుడు లేపు నాన్నా.”